చిన్న చిమ్మటను గుర్తుపట్టడం ఎలా? బెంగళూరు ఇంటి గోడ మీద నుంచే మొదలుపెట్టండి

పురుగుల మీద ఆసక్తి కలిగినవాళ్లలో ఎక్కువమంది సీతాకోకచిలుకలతో మొదలుపెడతారు. వాటికి పుస్తకాలున్నాయి, అడిగితే చెప్పేవాళ్లున్నారు, ఫొటో పెడితే కాసేపట్లో పేరు వచ్చేస్తుంది. ఈ వ్యాసం అంత తేలిగ్గా పేరు దొరకని వాటి గురించి. వానాకాలంలో అపార్ట్‌మెంట్ కారిడార్ ట్యూబ్‌లైట్ కింద గోడకి అంటుకుని, తెల్లారేసరికి చీపురుకి పోయే చిన్న చిమ్మటల గురించి.

శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా పేరు పెట్టిన సీతాకోకచిలుకలు, చిమ్మటలు అన్నీ కలిపితే సుమారు 1,60,000 జాతులు. అందులో సీతాకోకచిలుకలు 18,000 దాకా ఉంటాయంతే. మిగిలినవన్నీ చిమ్మటలే, వాటిలో చాలా భాగం చిన్నవి. వీటిని మైక్రోలెపిడోప్టెరా అంటారు, ఈ పని చేసేవాళ్లు ముద్దుగా ‘మైక్రోలు’ అంటారు. ఆసియాలో, ముఖ్యంగా మన దేశంలో, వందేళ్ల కిందట ఎవరో రాసిన నాలుగు వాక్యాల వర్ణన, లండన్ మ్యూజియంలో ఒకటో రెండో నమూనాలు తప్ప ఇంకే సమాచారమూ లేని మైక్రోలు ఎన్నో ఉన్నాయి. అవి ఏ మొక్క తింటాయో కూడా రాసి ఉండదు. అందుకే మీ బాల్కనీలో మీరు జాగ్రత్తగా నమోదు చేసే వివరం నిజంగా పనికొస్తుంది.

ముందే ఒక మాట. దగ్గరి జాతులు కలిస్తే ఒక ప్రజాతి, దగ్గరి ప్రజాతులు కలిస్తే ఒక కుటుంబం. మీ మొదటి లక్ష్యం కుటుంబం పేరు. జాతి పేరు కోసం తొందరపడితే తప్పు పేరు అతికించడమే అవుతుంది, అది ఒకరి నుంచి ఒకరికి పాకిపోతుంది.

ముందు ఇంట్లో వెతకండి

బాత్రూం గోడ, బీరువా వెనక భాగం, మెట్ల కింద మూల చూడండి. గుమ్మడి గింజ ఆకారంలో, బూడిద రంగులో, చదునుగా ఒక సంచి వేలాడుతూ కనిపిస్తుంది. పొడవు సెంటీమీటరుకి కాస్త అటూ ఇటూ. చాలామంది సిమెంటు పెచ్చు అనుకుని తుడిచేస్తారు. కదపకుండా రెండు నిమిషాలు చూస్తే ఒక చివర నుంచి ముదురు రంగు తల, మూడు జతల కాళ్లు బయటికి వస్తాయి, సంచిని ఈడ్చుకుంటూ పురుగు నడుస్తుంది. వేలితో అడ్డం పెడితే లోపలికి ముడుచుకుని, సంచిలోనే వెనక్కి తిరిగి రెండో చివర నుంచి తల బయటపెడుతుంది. రెండు వైపులా తలుపు ఉన్న ఇల్లు అది. పట్టుదారంతో అల్లి, దానికి ఇసుక రేణువులు, దుమ్ము, దారప్పోగులు అంటిస్తుంది. పాత సాలెగూళ్లు, ఉన్ని, రాలిన వెంట్రుకల్లాంటివి తింటుంది. ఇది టీనియిడే కుటుంబం, ఫెరియోయికా అనే ప్రజాతి. పెద్దదయ్యాక బయటికి వచ్చే చిమ్మట తల మీద చెదిరిన జుట్టులా గరుకు పొలుసులు ఉంటాయి. ఈ కుటుంబానికి అదే మంచి గుర్తు.

తర్వాత బియ్యం డబ్బా. గింజలు దారంతో ఉండలు కట్టి ఉంటే అది కార్సైరా సెఫలోనికా, మన ఇళ్లలో బియ్యం పురుగు అనేవాటిలో ఒకటి. డ్రైఫ్రూట్స్, పిండి దగ్గర తిరిగే చిమ్మటకి ముందు రెక్క సగం లేత రంగులో, మిగతా సగం రాగి రంగులో ఉంటే అది ప్లోడియా ఇంటర్‌పంక్టెల్లా. ఊరి నుంచి తెచ్చిన వడ్లలో గింజకి గుండ్రటి రంధ్రం పెట్టి బయటపడేది సిటోట్రోగా సీరియలెల్లా. మొదటి రెండూ పైరాలిడే కుటుంబం, మూడోది గెలిచియిడే. అంటే వంటింట్లోనే రెండు కుటుంబాల తేడా నేర్చుకోవచ్చు. సిటోట్రోగా వెనక రెక్క కొస వేలు చూపించినట్టు సన్నగా సాగి ఉంటుంది, అంచున పొడవాటి కుచ్చు ఉంటుంది. గెలిచియిడేలో చాలావాటికి ఇలాగే ఉంటుంది. పైరాలిడేకి వెనక రెక్క వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది.

కుండీలో నిమ్మ మొక్క ఉంటే లేత ఆకులు తిప్పి చూడండి. వెండి రంగులో మెలికలు తిరిగిన దారి, దాని మధ్యలో సన్నటి నల్లగీత ఉంటే అది ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా పని. ఆ నల్లగీత పురుగు మలం. ఆకు పై పొర కిందే ఉండి, రసం పీల్చుకుంటూ ముందుకి పోతుంది, చివరికి ఆకు అంచుని కొద్దిగా మడిచి అందులో ప్యూపా అవుతుంది. బయటికొచ్చే చిమ్మట రెక్కలు చాచినా సుమారు 4 మిల్లీమీటర్లే. తెల్లటి రెక్కల మీద సన్నటి గోధుమ గీతలు, కొసన ఒక నల్లచుక్క. దీన్ని 1856లో స్టెయిన్‌టన్ అనే ఇంగ్లిష్ కీటక శాస్త్రవేత్త వర్ణించాడు, నమూనాలు వెళ్లింది మన కలకత్తా నుంచి. కుటుంబం గ్రాసిల్లారియిడే.

ఆకులో మెలికల దారి కనిపించిన ప్రతిసారీ చిమ్మటే అనుకోకండి. టమాటా, చిక్కుడు ఆకుల మీద సన్నగా వంకర టింకరగా పోయే తెల్లగీతలు ఎక్కువగా ఒక చిన్న ఈగ పిల్లపురుగువి. ఆకుని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని భూతద్దంతో చూడండి. చిమ్మట పిల్లకి తల విడిగా కనిపిస్తుంది. ఈగ పిల్లకి తల ఉన్నట్టే అనిపించదు, ముందువైపు నల్లటి కొక్కెం మాత్రం కదులుతూ ఉంటుంది.

దీపం, తెల్లగుడ్డ

టెర్రస్ మీద తెల్ల పంచె కట్టి, దాని ముందు అతినీలలోహిత ట్యూబ్ గానీ పాతకాలపు మెర్క్యురీ బల్బు గానీ పెట్టండి. మామూలు ఎల్ఈడీకి పెద్దగా రావు, దాంట్లో అతినీలలోహిత కాంతి దాదాపు ఉండదు. ఆ ట్యూబ్ వైపు నేరుగా చూడకండి, కళ్లకి మంచిది కాదు. వాన వెలిసి గాలి లేని రాత్రి, అమావాస్యకి దగ్గరగా ఉంటే ఇంకా మంచిది. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వానలు మొదలైన దగ్గర నుంచి నవంబర్ దాకా పని బాగా సాగుతుంది. అసోసియేషన్‌కి ముందే చెప్పండి, లేకపోతే వాచ్‌మన్‌తో మొదలై వాట్సాప్ గ్రూప్ దాకా అనవసరపు టెన్షన్. పదకొండింటికల్లా దీపం ఆర్పేయండి. రాత్రంతా వెలిగిస్తే చిమ్మటలు అక్కడే ఉండిపోతాయి, పొద్దున కాకులకి, బల్లులకి దొరికిపోతాయి.

బన్నేరుఘట్ట లాంటి చోట్ల అటవీశాఖ అనుమతి లేకుండా దీపం పెట్టడం, పురుగుని పట్టడం చట్టం ఒప్పుకోదు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల్లో పగటిపూట ఆకుల మీద దారులు చూసి ఫొటో తీసుకోండి, ఆకులు తెంపకండి. రోడ్డు పక్క కానుగ, రావి, మర్రి చెట్లు మీకు చాలు. రావి, మర్రి జాతి చెట్ల ఆకుల మీద కోర్యూటిడే కుటుంబం చిమ్మటలు పగలే తిరుగుతాయి. మెటాలిక్ మెరుపు చుక్కలతో, రెక్కలు పైకెత్తి, ఆగి ఆగి గంతులేస్తూ నడుస్తాయి. ఇందులో బ్రెంథియా అనే ప్రజాతి గంతులేసే సాలీడుని అచ్చంగా అనుకరిస్తుందని, దాంతో ఆ సాలీళ్లు దీన్ని తినకుండా వెనక్కి తగ్గుతాయని 2006లో పరిశోధకులు చూపించారు.

ముట్టుకోకముందే ఫొటో

ఈ పనిలో కూర్చున్న భంగిమే సగం సమాచారం. ముట్టుకుంటే అది పోతుంది. ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ సరిపోతుంది. నాలుగు ఫొటోలు తీయండి: పై నుంచి, పక్క నుంచి, ఎదురుగా ముఖం, పక్కన గ్రాఫ్ కాగితం ముక్క పెట్టి ఒకటి. వీటిలో జనం ఎక్కువగా వదిలేసేది పక్క ఫొటో. నన్నడిగితే ముందు తీయాల్సింది అదే. మూతి ముందు పొడుచుకొచ్చే రెండు పాల్ప్‌లు పక్క నుంచే సరిగా కనిపిస్తాయి, కుటుంబం తేల్చేది చాలాసార్లు అవే.

కుటుంబం దాకా ఎలా వెళ్లాలి

మొదటి ప్రశ్న: రెక్కలు చీలి ఉన్నాయా? ఇంగ్లిష్ టీ అక్షరంలా సన్నటి రెక్కలు అడ్డంగా చాచి కూర్చుంటే టెరోఫోరిడే. ముందు రెక్క రెండుగా, వెనక రెక్క మూడుగా చీలి ఉంటుంది. కంది చేలో ఈకరెక్కల పురుగు అంటారే, ఆ కుటుంబమే. అవరేకాయ సీజన్లో చిక్కుడు పూత దగ్గర కూడా వెతకండి. ఒక్కో రెక్క ఆరు ఈకలుగా చీలి విసనకర్రలా పరుచుకుంటే అది అల్యుసిటిడే అనే వేరే కుటుంబం.

చీలికలు లేవు. అయితే ఎలా కూర్చుంది? ముందు కాళ్లు, మధ్య కాళ్లు చాచి నిటారుగా నిలబెట్టి, తల వైపు బాగా పైకెత్తి, రెక్కల కొసలు కిందికి ఆనించి కూర్చుంటే గ్రాసిల్లారియిడే అని అనుమానించండి. రెక్కలు బాగా సన్నగా, అంచు కుచ్చులు రెక్క కన్నా వెడల్పుగా ఉంటాయి. పై నుంచి చూస్తే గంట ఆకారంలో, ముందు రెక్క చివర కోసినట్టు నలుచదరంగా ఉండి, పాల్ప్‌లు ముక్కులా ముందుకి ఉంటే టార్ట్రిసిడే. ఆకులు చుట్టి లోపల కాపురం పెట్టేవి వీటిలో చాలా ఉన్నాయి. పాల్ప్‌లు పొడవుగా, కొడవలిలా పైకి వంగి తల కన్నా ఎత్తుకి వెళ్తే గెలిచియిడే లేదా దాని బంధువులు. ఈ గుంపు మొత్తాన్ని గెలిచియాయిడియా అనే అధికుటుంబం అంటారు. ఆసియా మైక్రోల్లో అందరినీ ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. ఇందులో కుటుంబాల సరిహద్దుల మీద నిపుణులే ఇంకా వాదించుకుంటున్నారు. మీరు అధికుటుంబం దగ్గర ఆగిపోయినా అది మంచి జవాబే.

ఒక పట్టు చెబుతాను. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంతో చుట్టుకున్న తొండం మొదలు చూడండి. అక్కడ పొలుసులు కప్పి ఉంటే గెలిచియాయిడియా, పైరాలాయిడియా లాంటి గుంపులు. నున్నగా ఉంటే టార్ట్రిసిడే లాంటివి. పొలుసులు ఉండి, కడుపు మొదట్లో అడుగున చెవులు కూడా ఉంటే పైరాలాయిడియా. ఔను, చెవులే: గబ్బిలం అరుపు వినడానికి పలుచటి పొర. ఇందులో పైరాలిడే, క్రాంబిడే అని రెండు కుటుంబాలు. చెవి గది నిర్మాణాన్ని బట్టి వాటిని విడదీస్తారు, దానికి మైక్రోస్కోప్ కావాలి. వంకాయలో ఉండే కాయతొలుచు పురుగు లూసినోడెస్ ఆర్బొనాలిస్, వరిలో ఆకుముడత పురుగు, పసుపుపచ్చ కాండం తొలుచు పురుగు ఇవన్నీ క్రాంబిడే.

బాగా చిన్నది, రెక్కలు చాచినా 3, 4 మిల్లీమీటర్లు దాటనిది, మీసాల మొదలు వెడల్పై కంటి మీద మూతలా కప్పి ఉంటే నెప్టిక్యులిడే చూడండి.

ఇక్కడ ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ‘మైక్రో’ అనేది మనం సౌకర్యం కోసం పెట్టుకున్న గుంపు, వంశవృక్షంలో అలాంటి కొమ్మ ఏదీ లేదు. పైరాలాయిడియా చూడ్డానికి చిన్నవే, కానీ బంధుత్వంలో టీనియిడే కన్నా పెద్ద చిమ్మటలకే దగ్గర. కాండం తొలిచే కాసిడే చిమ్మటలు అరచేతి సగం ఉంటాయి, కానీ వాటి వంశం టార్ట్రిసిడే లాంటి మైక్రోల పక్కన ఉంటుంది. కాబట్టి సైజు చూసి గుంపు తేల్చకండి.

పేరుని చదవడం నేర్చుకోండి

పాత పేర్లకి తోకలున్నాయి. జీవులకి రెండు పదాల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ 1758లో చిమ్మటలకి పేర్లు పెడుతూ ఒక్కో గుంపుకి ఒక్కో ముగింపు వాడాడు. టీనియా గుంపుకి ‘ఎల్లా’, ఆకుచుట్టు గుంపుకి ‘ఆనా’, పైరాలిస్ గుంపుకి ‘ఆలిస్’, ఈకరెక్కల వాటికి ‘డాక్టిలా’. తర్వాతివాళ్లు చాలామంది దాన్నే పాటించారు. క్యాబేజీ మీద వచ్చే ప్లుటెల్లా జైలోస్టెల్లా, నిమ్మ మీది సిట్రెల్లా, వంకాయ మీది ఆర్బొనాలిస్ చూడండి. పేరు వినగానే పెట్టినవాళ్లు దాన్ని ఏ గుంపు అనుకున్నారో తెలిసిపోతుంది. అందరూ పాటించలేదు కాబట్టి దీన్ని సూచనగానే తీసుకోండి.

పేరు తర్వాత వచ్చే మనిషి పేరు, సంవత్సరం కూడా చదవాలి. అవి బ్రాకెట్లో ఉంటే మొదట పెట్టిన ప్రజాతి ఇప్పుడు మారిందని అర్థం. దీనికి టమాటా ఆకుల్ని, కాయల్ని తొలిచే చిమ్మట, మన టమాటా ఊజీనే మంచి ఉదాహరణ. 1917లో ఎడ్వర్డ్ మేరిక్ పెరూ దేశపు నమూనా చూసి దానికి థోరిమియా అబ్సొల్యూటా అని పేరు పెట్టాడు. తర్వాత అది వరసగా నాలుగు ప్రజాతులు మారి, చివరికి ట్యూటా అబ్సొల్యూటాగా ప్రపంచమంతా తెలిసింది. మన దేశంలో 2014లో కనిపించింది ఆ పేరుతోనే. 2021లో వంశ పరీక్షలు చేసి మళ్లీ థోరిమియాలోకి చేర్చారు. బ్రాకెట్లు పోయాయి. బంగాళదుంప తొలిచే థోరిమియా ఆపర్క్యులెల్లాకి ఇది దగ్గర బంధువని ఇప్పుడు పేరే చెబుతుంది. మీరు పాత కాగితాల్లో వెతికేటప్పుడు ఈ పేర్లన్నీ వేసి వెతకాలి.

కొబ్బరి ఆకుల్ని గోకి తినే నల్లతల పురుగుది ఇంకో రకం కథ. వాకర్ అనే ఇంగ్లిష్ కీటక శాస్త్రవేత్త 1864లో దాన్ని ఒపిసినా అరెనోసెల్లా అన్నాడు. 1905లో మేరిక్ అదే చిమ్మటకి నెఫాంటిస్ సెరినోపా అని మళ్లీ పేరు పెట్టాడు. మన వ్యవసాయ పుస్తకాల్లో రెండో పేరే దశాబ్దాల పాటు నడిచింది. రెండూ ఒకటేనని తేలాక ముందొచ్చిన పేరే నిలిచింది, అది నియమం.

ఈ మేరిక్ ఇంగ్లండ్‌లో బడిపంతులు. ఇంట్లో కూర్చుని 14,000కు పైగా మైక్రోలకి పేర్లు పెట్టాడు. మన దేశం నుంచి ఆయనకి నమూనాలు పంపినవాళ్లలో బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ ముఖ్యుడు. మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా కోయంబత్తూరులో, తర్వాత బీహార్‌లోని పూసాలో పనిచేశాడు. అంతకుముందు నీలగిరిలో టీ తోట నడిపిన హాంప్సన్ 1892 నుంచి 1896 వరకు భారతదేశపు చిమ్మటల మీద నాలుగు సంపుటాలు రాశాడు. అవి పైరాలిడ్‌ల దగ్గర ఆగిపోయాయి. అసలు చిన్నవాటికి అలాంటి పుస్తకం మనకి లేకుండా పోయింది. మేరిక్ రంగు, రెక్కల ఈనెలు చూసే తేల్చేవాడు, జననాంగాలు విప్పి చూడలేదు. అందుకే ఆయన పెట్టిన చాలా పేర్లని ఇప్పుడు మళ్లీ పరీక్షించాల్సి వస్తోంది. ఆయన్ని తక్కువ చేయడానికి కాదు ఈ మాట, ఆయన లేకపోతే మొదలుపెట్టడానికే ఏమీ ఉండేది కాదు.

పెంచి చూడండి

పురుగు ఉన్న ఆకుని మూత ఉన్న డబ్బాలో టిష్యూ పరిచి పెట్టండి. టిష్యూ కొద్దిగా తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు. ఎండలో పెట్టకండి, రోజూ ఒకసారి మూత తీసి బూజు చూడండి. చిమ్మట బయటికొచ్చాక రెక్కలు గట్టిపడే దాకా ఒక పూట ఆగండి. ఖాళీ ప్యూపా, ఎండిన ఆకు కూడా దాచండి. చిమ్మటకి బదులు చిన్న కందిరీగ బయటికొస్తే నిరుత్సాహపడకండి, అదే వివరాలతో దాన్నీ దాచండి, దాని మీద పనిచేసేవాళ్లు కళ్లకద్దుకుంటారు. ఏ మొక్క మీద పుట్టిందో తెలిసిన ఒక్క చిమ్మట, దీపం దగ్గర దొరికిన పదింటి కన్నా విలువైనదని నా నమ్మకం.

జాతి తేల్చాలంటే

ఇక్కడ నుంచి ఫొటో చాలదు. ఒకటి రెండు నమూనాలు తీసుకోవాలి. చిన్న సీసాలో పెట్టి రాత్రంతా ఫ్రీజర్లో ఉంచడం తేలిక. తర్వాత వెంట్రుకంత సన్నటి సూదితో గుచ్చి, ఆ సూదిని ఫోమ్ ముక్కకి, ఆ ముక్కని మామూలు కీటకాల సూదికి అమర్చుతారు. కడుపు భాగాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక శుభ్రం చేసి, జననాంగాల ఆకారం మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఒకేలా కనిపించే రెండు జాతులు ఇక్కడే విడిపోతాయి. ఆ ద్రవం చర్మాన్ని కాల్చేస్తుంది, ఇంట్లో ప్రయత్నించకండి. హెబ్బాళలో జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో ఉంది, జీకేవీకే ప్రాంగణంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం కీటకశాస్త్ర విభాగం ఉంది. ముందు ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని, వివరాలతో సహా వెళ్లండి.

డీఎన్ఏ బార్‌కోడ్ అంటే మైటోకాండ్రియాలోని ఒక జన్యువు నుంచి 658 అక్షరాల ముక్క చదవడం. 2003లో పాల్ హెబర్ట్ బృందం దీన్ని ప్రతిపాదించింది. ఆఫ్రికాలో వంకాయ పురుగు అంతా ఆర్బొనాలిసే అనుకునేవారు. 2015లో జననాంగాలు, బార్‌కోడ్ కలిపి చూస్తే అక్కడివి వేరే జాతులని తేలింది. కానీ పోల్చడానికి సరైన పేరుతో ఉన్న నమూనా ముందే డేటాబేస్‌లో లేకపోతే బార్‌కోడ్ పేరు చెప్పలేదు. మన మైక్రోలకి తరచూ ఎదురయ్యే అడ్డంకి అదే.

కొత్త జాతి అనిపిస్తే దాన్ని ప్రకటించే పని నిపుణుడితో కలిసి చేయండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్తగా కనుగొన్న జాతి నమూనాని ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో ఇవ్వాలి.

చీటీ ఇలా రాయండి

చీటీ లేని నమూనా, తేదీ లేని ఫొటో ఎవరికీ ఉపయోగపడవు. అన్నీ తేలాక రాద్దామని ఆగకండి, ఆ రోజే రాసేయండి: బెంగళూరు, మీ ఏరియా, ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు (ఊళ్లో చాలా చోట్ల 900 మీటర్ల చుట్టుపక్కల), తేదీ, టైమ్, దీపం దగ్గరా లేక ఏ మొక్క మీదా, మీ పేరు. కింద విడిగా ఇంకో చీటీ మీద గుర్తింపు: ‘గెలిచియిడే, ప్రజాతి తెలియదు’ అని, ఎవరు ఎప్పుడు గుర్తించారో. మొదటి చీటీ ఎప్పటికీ మార్చకూడదు. రెండోది ఎన్నిసార్లయినా మార్చొచ్చు, పాతది తీసేయకుండా దాని కిందే కొత్తది గుచ్చాలి.

ఫొటోలని ఐనాచురలిస్ట్‌లో గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ ఇవే వివరాలతో పెట్టండి. యాప్ చూపించే మొదటి పేరుని నొక్కేయకుండా మీకు తెలిసిన మెట్టు దగ్గరే ఆగండి. ఎప్పుడు మొదలుపెట్టాలా అని చూస్తుంటే, జూలై చివరి వారంలో చాలా దేశాల్లో చిమ్మటల వారం జరుపుతారు. మన దగ్గర అది వానల మధ్యలో వస్తుంది కాబట్టి తెల్లగుడ్డ ఖాళీగా ఉండదు. అప్పటిదాకా ఆగలేకపోతే ఇవాళ రాత్రి బాత్రూం లైట్ వేసి గోడ చూడండి.